కుర్చీ మారింది, లాఠీ మారలే!

2009 నవంబర్ 29న కేసీఆర్‌ను అలుగునూరు దగ్గర అరెస్టు చేసి ఖమ్మం జైలుకు తరలించారన్న వార్తతో ఉస్మానియా క్యాంపస్ భగ్గుమంది. ఆ తర్వాత విద్యార్థుల మీద విరిగిన లాఠీలకు లెక్కలేదు. 2010 ఫిబ్రవరిలోనైతే వార్త రాసుకోవడానికి వచ్చిన విలేకరులను కూడా చితకబాదారు. అప్పట్లో మేమంతా ఒకటే అనుకున్నాం. ఇది పరాయి పాలన గనుక కొడుతున్నది, మన రాష్ట్రం వస్తే మన పోలీసు మనల్ని కొట్టడని! 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. మరి లాఠీ ఎందుకు ఆగలేదు?

జవాబు పార్టీల చరిత్రలోనే ఉంది. 2000 ఆగస్టు 28న కరెంటు చార్జీల పెంపుపై కదిలిన జనం మీద బషీర్‌బాగ్‌లో తెలుగుదేశం ప్రభుత్వం కాల్పులు జరిపించింది. ముగ్గురు చనిపోయారు. కాంగ్రెస్ కన్నీళ్లు పెట్టుకుంది, 2004లో గద్దెనెక్కింది. 2007 జులై 28న ముదిగొండలో, భూపోరాట బంద్ రోజున, ఆ కాంగ్రెస్ పాలనలోనే పోలీసు తూటాలకు ఏడుగురు బలయ్యారు. ఈసారి ఏడ్చే వంతు తెలుగుదేశానిది!

తెలంగాణ విషయంలోనూ ఇదే నాటకం. 1969లో విద్యార్థులు రక్తం చిందిస్తే, ఆ త్యాగాల మీద 1971 ఎన్నికల్లో 10 లోక్‌సభ స్థానాలు గెలిచిన తెలంగాణ ప్రజాసమితి ఆ ఏడాదే కాంగ్రెస్‌లో కలిసిపోయింది. 2009 డిసెంబర్ 7న అఖిలపక్షంలో తలూపిన పార్టీలు 9న ప్రకటన రాగానే అడ్డం తిరిగాయి. 23కల్లా ఢిల్లీ వెనకడుగు వేసింది. పోలీసు దెబ్బ ఒంటికి తగిలితే, ఈ దెబ్బ గుండెకు తగిలింది.

ఇక స్వరాష్ట్రం సంగతి. 2017 ఫిబ్రవరి 22న నిరుద్యోగ ర్యాలీకి పిలుపునిచ్చిన కోదండరాంను తెల్లవారకముందే తలుపులు పగులగొట్టి పట్టుకుపోయారు. ఇందిరాపార్కు ధర్నాచౌక్‌ను మూసేస్తే 2018లో హైకోర్టు కల్పించుకోవాల్సి వచ్చింది. 2011 సకలజనుల సమ్మెలో బస్సు చక్రం ఆపిన ఆర్టీసీ కార్మికులు 2019లో 52 రోజులు సమ్మె చేస్తే, తమంతట తామే ఉద్యోగాలు వదులుకున్నారని సర్కారు చెప్పింది. 2011 మార్చి 10 మిలియన్ మార్చ్‌కు ముళ్లకంచెలు వేసిన ట్యాంక్‌బండ్‌ మీదనే 2019 నవంబర్ 9న మళ్లీ కంచెలు, లాఠీలు, బాష్పవాయువు!

2023 డిసెంబర్ 7న ప్రగతిభవన్ ముందు ఇనుప కంచెలు తొలగించారు. మేం కూడా సంతోషించాం. ఏడాది తిరగకముందే, 2024 అక్టోబర్‌లో అశోక్‌నగర్‌లో గ్రూప్-1 అభ్యర్థుల మీద లాఠీ లేచింది. 2025 మార్చిలో విభాగాలు, కాలేజీల ఆవరణల్లో ధర్నాలు, నినాదాలు వద్దంటూ ఉస్మానియాలో సర్క్యులర్ వచ్చింది. ఏ గడ్డ మీద ఉద్యమం పుట్టిందో ఆ గడ్డ మీదనే!

కానిస్టేబుల్ మన ఊరి బిడ్డే. అతని లాఠీని కదిలించేది పైనున్న కుర్చీ. ఓసారి మమ్మల్ని వ్యాన్ ఎక్కిస్తుంటే ఏ సెక్షన్ కింద అని అడిగాం. ‘పైనుంచి ఆర్డర్’ అన్నాడు ఎస్సై. పొద్దుగూకినాక ఒక్క కాగితం ఇయ్యకుండా వదిలేశారు. ముందస్తు అరెస్టుకు నిన్న సీఆర్‌పీసీ 151, నేడు బీఎన్‌ఎస్‌ఎస్ 170. నంబర్ మారింది, వాడకం మారలేదు. నేరం చేయబోతున్నాడని తెలిసి, ఆపడానికి వేరే దారి లేనప్పుడే వాడాల్సిన సెక్షన్‌ను ధర్నాకు పోయేవాళ్లందరి మీద వాడుతున్నారు. ఇంటి ముందు జీపు నిలిపి ‘హౌస్ అరెస్ట్’ అనడానికైతే ఆ సెక్షన్ కూడా ఉండదు.

అందుకే ఏ పార్టీ ఓదార్పునూ మనం నమ్మొద్దు. రేపు ఓట్లడగ వచ్చేవాళ్లను మూడు మాటలు రాసిమ్మనాలి. అరెస్టు చేస్తే కారణం కాగితం మీద ఇవ్వాలి. ఉద్యమకారులపై కేసులు ఎత్తేయాలి. ధర్నాకు జాగా ప్రతి జిల్లా కేంద్రంలో ఉండాలి. విద్యార్థులు, ఉద్యోగులు తమ సంఘాల్లో ఈ తీర్మానాలు ఇప్పుడే చేయాలి. అడగకుండా మనకు తెలంగాణ రాలేదు, ఇవీ రావు!