ఒక్క పౌనుకు కొన్న మందిరము

విక్టోరియా రాణి కాలమున, 1872లో, ఇంగ్లండులోని మాంచెస్టరులో గోర్టన్ మొనాస్టరీ ఆలయము పూర్తయింది. కట్టుబడి చాలావరకు ఫ్రాన్సిస్కన్ సన్యాసుల చేతిదే. 1989లో వారు వెళ్లిపోగా దొంగలు పడ్డారు. 12 మంది పరిశుద్ధుల ప్రతిమలు వేలానికి పోబోతే నగరపాలక సంస్థ కొని కాపాడింది.

బాల్యమున అక్కడ పీఠము వద్ద పరిచర్య చేసిన ఒకాయన, ఆయన భార్య పూనుకొని ట్రస్టు స్థాపించారు. 1997లో ట్రస్టు ఆ శిథిలమును ఒక్క పౌనుకే కొన్నది. బాగుచేయడానికి మాత్రం 60 లక్షల పౌన్లు దాటింది!

2007లో తలుపులు తెరిచారు. ఇప్పుడు పెండ్లిండ్లు, కచేరీలు, సభలు. మందిరములో విందులేమిటని నాకూ మొదట మనసొప్పలేదు. అయితే తాళము వేసియున్న ఏండ్లలో అక్కడ ఎవరు పాడారు గనుక? ప్రతిమలు 2012లో తమ చోటికి తిరిగి వచ్చాయి.