నెల తప్పింది, అంతే

"నెల తప్పింది పిన్నీ" అని మా అక్క కూతురు ఫోన్లో అనగానే నా నాలుక చివరి దాకా శుభాకాంక్షలు వచ్చేశాయి. అది తొందరగా మాట సర్దుకుంది. "అంటే తప్పింది, అంతే. కిట్‌లో ఒక్క గీతే."

మన వాడుకలో నెల తప్పడమంటే కడుపుతో ఉండటమే, రెండో అర్థానికి చోటు లేదు. నలభై రోజులకోసారి, అరవై రోజులకోసారి నెలసరి వచ్చేవాళ్లకు ఆ మాట ఎంత ఎకసెక్కంగా వినిపిస్తుందో ఆ రోజుదాకా నాకు తట్టలేదు. ఆలస్యమైన ప్రతిసారీ ఆశ పుడుతుంది. ప్రతిసారీ మెడికల్ షాపు కుర్రాడు కిట్‌ను దొంగసొత్తులా కాగితంలో చుట్టి ఇస్తాడు. తెల్లారుజామున బాత్రూమ్‌లో మళ్లీ ఒక్క గీత. నాలుగు రోజులు పోయాక, ఏ ఆఫీసు మీటింగులోనో నెలసరి వస్తుంది.

దానికి ఇరవై తొమ్మిదేళ్లు. పెళ్లయి ఏడాదిన్నర. "ఏమైనా విశేషమా?" అని అడగని చుట్టం లేదు.

ఇంటర్‌లో ఉన్నప్పుడే దీని నెలసరికి లెక్కాపత్రం ఉండేది కాదు. రజస్వల అయ్యాక తొలి రెండు మూడేళ్లు అటూ ఇటూ కావడం మామూలే. డిగ్రీకొచ్చినా గాడిలో పడలేదు. అక్క కంగారు పడితే "పెళ్లయితే అదే సర్దుకుంటుందిలేవే" అన్నాను. అవును, అన్నది నేనే. పెళ్లయ్యాక అదే మాటను కాస్త మార్చి "ఒక కాన్పయితే సర్దుకుంటుంది" అంటారు. ఇద్దరు పిల్లలు పుట్టి, ముప్పై ఎనిమిదో ఏట రక్తస్రావం ఎక్కువైందంటే మాత్రం ఓపిక హఠాత్తుగా అయిపోతుంది. "ఇంకా ఆ సంచెందుకు, తీయించేసుకో." 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. పిల్లలు కావాల్సినంత కాలం దేవుడి మీద వదిలేసి, అక్కర తీరగానే కత్తికి అప్పగిస్తాం. నెలసరి తప్పడాన్ని పిల్లల లెక్కలో తప్ప ఆ మనిషి ఒంటి లెక్కలో చూడటం మనకు అలవాటు కాలేదు.

నిజానికి అది ఒంటి లెక్కే. పెద్దవాళ్లయ్యాక 21 నుంచి 35 రోజుల మధ్య ఎప్పుడొచ్చినా మామూలుగానే చూస్తారు. ఒక నెల 27, ఒక నెల 31 అయినంత మాత్రాన బెంగ అక్కర్లేదు. మాటిమాటికీ 35 దాటుతుంటే అండం సమయానికి విడుదల కావడం లేదేమోనని అనుమానించాలి. మూడు నెలలు దాటినా రాకపోవడం అలవాటైపోతే సంగతి పిల్లల దగ్గర ఆగదు. గర్భసంచి లోపలి పొర రాలకుండా మందమవుతూ పోతుంది, ఏళ్ల తరబడి అలాగే వదిలేస్తే క్యాన్సర్ ముప్పు కూడా పెరుగుతుంది. పెళ్లికాని పిల్లకైనా, ఇక పిల్లలు వద్దనుకున్న తల్లికైనా ఇది వర్తిస్తుంది.

మా పిల్ల ఫోన్‌లో ఒక యాప్ ఉంది. గర్భానికి అనువైన రోజులను గులాబీ రంగులో చూపిస్తుంది. నాకు ఆ రంగును చూస్తేనే ఒళ్లు మండుతుంది. అండం విడుదలయ్యేది సుమారుగా తర్వాతి నెలసరికి రెండు వారాల ముందు. నెలసరి వచ్చిన పద్నాలుగో రోజున అన్నది 28 రోజుల వాళ్లకే సరిపోయే లెక్క. 45 రోజులకు వచ్చే మనిషికి అండం విడుదలైతే అది 31వ రోజు దగ్గర. తర్వాతి నెలసరి ఎప్పుడో ఆమెకే తెలియనప్పుడు యాప్‌కేం తెలుస్తుంది? ఈ గులాబీ తేదీలను నమ్ముకుని మొగుడూ పెళ్లాలు అలారం పెట్టుకుని కాపురం చేస్తున్నారు. వీర్యకణాలు లోపల అయిదు రోజుల దాకా బతకగలవు, అండం ఒక్కరోజే. రెండు మూడు రోజులకోసారి కలుస్తూ ఉంటే ఏ గులాబీ రంగూ అక్కర్లేదు.

స్కాన్‌లో మా పిల్లకు "నీటి బుడగలు" అన్నారు. పీసీఓడీకి, అంటే పాలీసిస్టిక్ ఓవరీ డిసీజ్‌కి, మన ఊళ్లలో స్థిరపడిపోయిన పేరది. ఆ పేరు వినగానే ఏవో గడ్డలు, పగలగొట్టాలేమో, ఆపరేషనేమో అని గుండె జారుతుంది. అవి గడ్డలు కావు. పెరగడం మొదలుపెట్టి సగంలో ఆగిపోయిన అండపు తిత్తులు. 1935లో షికాగోలో స్టీన్, లెవెంథాల్ అనే ఇద్దరు వైద్యులు ఏడుగురు స్త్రీలలో దీన్ని గమనించి రాసినప్పుడు అండాశయాల రూపాన్ని బట్టి పెట్టిన పేరు అలాగే అంటుకుపోయింది. స్కాన్‌లో బుడగలు కనిపించినంత మాత్రాన జబ్బున్నట్టు కాదు. అండం సరిగా విడుదల కాకపోవడం, మగ హార్మోన్లు ఎక్కువై గడ్డం కింద వెంట్రుకల లాంటివి కనిపించడం, స్కాన్‌లో బుడగలు: ఈ మూడింట్లో రెండుండాలి. అప్పుడు కూడా థైరాయిడ్, ప్రొలాక్టిన్ పరీక్షలు చేసి అవి కారణం కాదని తేల్చుకోవాలి. మన దేశంలో గర్భసంచికి పట్టే క్షయ కూడా చడీచప్పుడూ లేకుండా నెలసరిని తగ్గించేస్తుంది, పిల్లలు పుట్టకుండా చేస్తుంది.

పీసీఓడీ ఉంటే పిల్లలు పుట్టరన్నది అబద్ధం. ఆలస్యం కావచ్చు, సాయం కావాల్సి రావచ్చు. బరువు ఎక్కువున్నవాళ్లు అందులో అయిదు శాతం, అంటే 80 కిలోల మనిషి నాలుగు కిలోలు తగ్గినా చాలామందిలో అండాలు మళ్లీ విడుదలవుతాయి. సన్నగా ఉన్నవాళ్లకూ ఇది వస్తుంది కాబట్టి "తిండి తగ్గించు" అనే ఉచిత సలహా అందరికీ పంచకండి. అండం విడుదల కోసం లెట్రోజోల్ మాత్ర రాసిస్తే గూగుల్‌లో రొమ్ము క్యాన్సర్ మందని చదివి మా పిల్ల ఏడ్చినంత పని చేసింది. నిజమే, దాని అసలు ఉద్యోగం అదే. మన దేశంలో 2011లో సంతానం కోసం దాన్ని వాడొద్దని నిషేధించారు కూడా. 2014లో అమెరికాలో 750 మందితో జరిగిన పరీక్షలో పాత మందు క్లోమిఫిన్‌తో 19 శాతానికి, దీనితో 27 శాతానికి పైగా బిడ్డలు పుట్టారు. 2017లో మన నిషేధమూ పోయింది. పీసీఓడీ ఉండి పిల్లలు కావాలనుకునేవాళ్లకు ఇప్పుడు మొదట రాసేది ఇదే.

ఇంకో మాత్ర గురించి చెప్పాలి. శ్రావణ శుక్రవారం వ్రతముందని, ఆడపడుచు పెళ్లుందని నెలసరిని వాయిదా వేసే మాత్ర మన ఇళ్లలో చాక్లెట్‌లా చేతులు మారుతుంది. ఆలస్యమైతే రప్పించడానికి మరో కోర్సు. మాత్ర ఆపాక వచ్చే రక్తాన్ని చూసి "హమ్మయ్య, సరిగ్గా వస్తోంది" అనుకుంటారు. అది మందు ఆపినందుకు వచ్చిన స్రావం. ఆ నెల అండం విడుదలైందనడానికి అది సాక్ష్యం కాదు.

మాత్రల తర్వాత మొక్కులు. 2024 ఏప్రిల్లో చిలుకూరు బాలాజీ గుడిలో గరుడ ప్రసాదం తింటే సంతానం కలుగుతుందని విని జనం పోటెత్తారు. హైదరాబాద్ శివార్లలో ఆ దారంతా కార్లు గంటల తరబడి కదల్లేదు. అది చూసి నవ్వినవాళ్లున్నారు. నాకు నవ్వు రాలేదు. "గొడ్రాలు" అన్న మాట ఉన్న ఊళ్లో అంత క్యూ ఉండటంలో వింతేముంది? ఆ మాటకు మగవాడి వైపు అంత పదునైన జోడీ లేదు, చూశారా. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం చోట్ల మగవాడి వైపు కూడా ఏదో ఒక కారణం ఉంటుంది. అతనికి వీర్య పరీక్ష ఒక్కటే, సూది కూడా గుచ్చరు. అయినా ముందు ఆమెకు రక్త పరీక్షలు, స్కాన్లు, నొప్పితో కూడిన ట్యూబుల పరీక్ష అన్నీ అయ్యాక, "మా వాడికేం లోటు" అన్న మాట కూడా అయ్యాక, ఆఖర్న అతన్ని పంపుతారు.

ఏడాది ప్రయత్నించి చూడమనేది నెలసరి సరిగా ఉన్నవాళ్లకు. ఆమెకు 35 దాటితే ఆరు నెలలే. నెలసరే గాడిలో లేనివాళ్లు ఏ గడువూ పెట్టుకోకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. మా పిల్ల ఈ ఏడాదిన్నరా ఎందుకు ఆగిందని అడిగితే, "సర్దుకుంటుందన్నారుగా" అంది. నేను వేరే సంగతి ఎత్తాను.

డాక్టర్ మొదట అడిగింది గత ఆరు నెలల తేదీలు. ఫోన్ మార్చినప్పుడు యాప్‌తో పాటు అవీ పోయాయట. మా అమ్మ గోడ క్యాలెండర్‌లో పాల ప్యాకెట్ల లెక్క పక్కనే ఎవరికీ అర్థం కాని చిన్న చుక్కలు పెట్టేది. ఆ సంగతి చెప్పాక మా పిల్ల కూడా వంటగదిలో ఒక తెలుగు క్యాలెండర్ తగిలించింది. దీనికి థైరాయిడ్ ఉందని తేలింది, మాత్ర మొదలైంది. మొన్న మెసేజ్ పెట్టింది: అంతకుముందు 52 రోజులు, ఈసారి 41. వాళ్లాయన రిపోర్టు శనివారం వస్తుందట.