ఉడికినదా? ఊరినదా?

మెక్సికో దేశపు వాయవ్య తీరంలోని సినలోవా రాష్ట్రం రొయ్యలకు ప్రసిద్ధి. అక్కడివారు భోజనానికి ముందు ఆకలి రేపడానికి తినే చల్లని పదార్థం ‘అగ్వాచిలే’. ‘అగ్వా’ అంటే నీరు, ‘చిలే’ అంటే మిరప. మన మాటలో మిరపనీరు. దీనిని పరిచయం చేసే తెలుగువారు కొందరు “పొయ్యితో పని లేదు, రొయ్యలు నిమ్మరసంలోనే ఉడికిపోతాయి” అని చెబుతుంటారు. ఆ ‘ఉడకడం’ అన్న మాటతోనే నాకు పేచీ.

ముందుగా విధానం చూద్దాం. పచ్చిరొయ్యల పెంకు ఒలిచి, నల్లనరం తీసి, నిలువునా చీరుస్తారు. ఉప్పు చల్లి నిమ్మరసం పోస్తారు. సెర్రానో అనే పచ్చిమిరపకాయలను, కొత్తిమీరను నిమ్మరసంతో నూరి ఆ పచ్చని రసాన్ని పైన పోస్తారు. కీరదోస ముక్కలు, ఎర్ర ఉల్లిపాయ చీలికలు చేర్చి, కరకరలాడే మొక్కజొన్న రొట్టెలతో చల్లచల్లగా తింటారు.

పులుపు తగిలిన రొయ్య తెల్లబడి గట్టిపడుతుంది. అందులోని మాంసకృత్తుల అమరిక చెదరడమే ఇందుకు కారణం. వేడి కూడా ఇదే పని చేస్తుంది కనుక కంటికి రెండూ ఒకటిగానే తోస్తాయి. అయితే తగినంత వేడి రోగకారక క్రిములను కూడా చంపుతుంది. చేపలు లోపలి దాకా 63 డిగ్రీల సెల్సియస్ వేడెక్కాలని అమెరికా ప్రభుత్వ ఆహార నిబంధనలు చెబుతున్నాయి. నిమ్మరసం కొన్ని క్రిములను తగ్గించవచ్చు. అన్నింటినీ, పరాన్నజీవులను సైతం, చంపుతుందన్న భరోసా లేదు.

సంస్కృతజ్ఞులు ఇక్కడ ఆక్షేపించవచ్చు. ‘పచ్’ ధాతువుకు వండటమే కాక పండటం, అరగడం అన్న అర్థాలూ ఉన్నాయి కదా, నిప్పు లేని పాకం ఉండరాదా అని. ఉండవచ్చు. కాని తెలుగులో ‘ఉడుకు’ అంటేనే వేడి. ఆ మాట వినగానే, ఇక భయం లేదని గృహిణి నమ్ముతుంది. గర్భవతి అయిన కూతురికీ, వృద్ధుడైన మామగారికీ నిస్సంకోచంగా వడ్డిస్తుంది. పచ్చిరొయ్యలు తినకూడనివారిలో ముందుండేది వారే.

మన భాషకు మాటల కరవు లేదు. ‘ఊరడం’ ఉంది. ఊరగాయను వండిన కాయ అని ఎవరంటారు? ‘నిమ్మరసంలో ఊరిన పచ్చిరొయ్యలు’ అంటే రుచీ తెలుస్తుంది, ప్రమాదమూ తెలుస్తుంది. ఆపై తినడమా మానడమా అన్నది వారి వివేకం.

ఇది ఆ పదార్థంపై చిన్నచూపు కాదు. మిరప ఆ ఖండం నుండి పోర్చుగీసుల ద్వారా మనకు వచ్చింది. నిమ్మజాతి ఆసియాలో పుట్టి స్పెయిన్ వారి ద్వారా అక్కడికి చేరింది. ఆ రెండు రుచుల కలయిక మనకు పరాయిది కాదు. పచ్చివి వద్దనుకునేవారు రొయ్యలను మరిగే నీటిలో లోపలి దాకా ఉడికించి, మంచునీటిలో చల్లార్చి, అదే మిరపనీటిలో కలుపుకోవచ్చు. మెక్సికోలోనే రొయ్యల ‘కోక్తేల్’ను ఉడికించిన రొయ్యలతో చేస్తారు కనుక ఇది అపచారమేమీ కాదు.

పదార్థానికి ఉప్పు ఎంత అవసరమో, దాని వివరణకు సరైన క్రియాపదం అంత అవసరం. విజ్ఞులైన చదువరులు తమ అభిప్రాయం తెలుపగలరు.