బోటు ఒడ్డునే ఉందిగా, బీమా ఎందుకు? వేట విరామంలో మత్స్యకారులు మరిచిపోతున్న లెక్క ఇదే..!

ఏటా ఏప్రిల్ 15 వచ్చిందంటే తూర్పు తీరంలో మరబోట్లన్నీ ఒడ్డుకు చేరాల్సిందే. జూన్ 14 వరకు 61 రోజుల పాటు వేట నిషేధం. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం.. ఏ హార్బర్ చూసినా పక్కపక్కనే తాళ్లతో కట్టేసిన బోట్లే. సరిగ్గా ఇదే టైమ్‌లో పాలసీ గడువు ముగిస్తే చాలామందికి వచ్చే ఆలోచన ఒక్కటే. "ఎలాగూ సముద్రంలోకి వెళ్లడం లేదు కదా, ప్రీమియం జూన్‌లో కట్టుకుందాం" అని. రెండు నెలల ఖర్చు మిగిలినట్టే కనిపిస్తుంది. మరి ఆ రెండు నెలల్లో బోటుకు ఏమీ కాదని గ్యారెంటీ ఏంటి?

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో 2023 నవంబర్ 19 అర్ధరాత్రి ఏం జరిగిందో గుర్తుందా? ఒక బోటులో మొదలైన మంటలు చూస్తుండగానే పక్క బోట్లకు అంటుకున్నాయి. దాదాపు 40 బోట్లు దెబ్బతిన్నాయి. అందులో ఒక్కటి కూడా ఆ సమయంలో సముద్రంలో లేదు, అన్నీ జెట్టీ దగ్గర లంగరేసి ఉన్నవే. ట్యాంకుల్లో డీజిల్, వంటకు పెట్టుకున్న గ్యాస్ సిలిండర్లు మంటలకు తోడయ్యాయి. చాలా బోట్లకు బీమా లేదన్న సంగతి ఆ తర్వాత బయటపడింది. అప్పటి ప్రభుత్వం బోటు విలువలో 80 శాతం పరిహారంగా ప్రకటించింది కాబట్టి సరిపోయింది. రూ.40 లక్షల బోటు అనుకుంటే రూ.32 లక్షలు వచ్చినట్టు, మిగతా రూ.8 లక్షలు యజమాని నెత్తినే. పైగా అది ప్రభుత్వం దయతలచి ఇచ్చిందే తప్ప, చట్టప్రకారం హక్కుగా వచ్చింది కాదు. అంత పెద్ద ప్రమాదం కాబట్టి, రాష్ట్రమంతా చూసింది కాబట్టి సాయం అందింది. ఒక్క బోటు తగలబడితే హెడ్‌లైన్ కూడా ఉండదు!

సరే, అసలు బోటుకు బీమా తప్పనిసరా? బండికైతే థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ లేకుండా రోడ్డెక్కడం నేరం. నదులు, కాలువల్లో తిరిగే ఇంజిన్ బోట్లకు కూడా 2021 ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం బీమా ఉండాలని చెబుతోంది. కానీ ఆ నిబంధన కూడా బోటు నడిపే సమయం చుట్టూనే తిరుగుతుంది. కట్టేసి ఉంచినప్పుడు బీమా అడిగేది ఎక్కువగా బ్యాంకే. లోన్ తీరేవరకు పాలసీ నడవాలని షరతు పెడుతుంది. లోన్ తీరిపోయిందా, ఇక అడిగే నాథుడే ఉండడు.

కట్టేసిన బోటు వల్ల పక్కవాళ్లకు నష్టం జరిగితే? 2024 సెప్టెంబర్ మొదట్లో కృష్ణమ్మకు 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. ఎగువన ఉన్న ఇసుక బోట్లు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్లను ఢీకొన్నాయి. 67, 69, 70 గేట్ల దగ్గర కౌంటర్ వెయిట్లు దెబ్బతిన్నాయి. అది కుట్రా, నిర్లక్ష్యమా అంటూ రాజకీయ రచ్చ జరిగింది. దాన్ని పక్కన పెట్టి చూస్తే, ఇరుక్కుపోయిన బోట్లను బయటకు తీయడానికే రోజుల తరబడి నానా తంటాలు పడ్డారు. అలాంటి చోట సొంత బోటు ఖరీదు చిన్న లెక్క. ఢీకొన్న ఆస్తికి నష్టం, శిథిలాలు తీసే ఖర్చు.. అసలు భారం అదే. బోటు బాడీకి మాత్రమే చేసిన పాలసీ దీన్ని మోయదు, లయబిలిటీ కవర్ విడిగా చూసుకోవాలి.

పాలసీ ఉన్నంత మాత్రాన కూడా నిశ్చింత కాదు. తక్కువ ప్రీమియానికి దొరికే కొన్ని పాలసీల్లో "టోటల్ లాస్ ఓన్లీ" అని ఉంటుంది. అంటే బోటు పూర్తిగా పోతేనే డబ్బు. సగం కాలితే, ఇంజిన్ ఒక్కటే పాడైతే పైసా రాదు. రూ.40 లక్షల బోటుకు ప్రీమియం తగ్గుతుందని రూ.20 లక్షలే విలువ రాయిస్తే, మొత్తం బూడిదైనా చేతికొచ్చేది ఆ రూ.20 లక్షల లోపే.

వేట విరామంలో ఇంకో తిరకాసు ఉంది. ఈ రెండు నెలలే రిపేర్ల సీజన్. బోటును ఒడ్డుకు లాగి వెల్డింగ్ చేయిస్తారు, రంగులు వేయిస్తారు, ఇంజిన్ విప్పుతారు. నీళ్లలో ఉన్న బోటుకు ఇచ్చిన కవర్ రిపేర్ యార్డులో కూడా వర్తిస్తుందా లేదా అన్నది పాలసీ కాగితంలోని షరతుల్లో ఉంటుంది. బోటు నిలిపే చోటు మారితే చెప్పాలా, రాత్రిళ్లు కాపలా మనిషి ఉండాలా అన్నవీ అక్కడే ఉంటాయి. అన్నీ అయ్యాక క్లెయిమ్‌కు వెళ్లినప్పుడు సర్వేయర్ ముందుగా పట్టుకునేది వీటినే. ఏజెంట్ నోటిమాటగా "అన్నీ కవరవుతాయి" అన్నది అక్కడ చెల్లదు.

మత్స్యకారుల వాదనలోనూ న్యాయం లేకపోలేదు. పాత చెక్క బోటుకు పాలసీ ఇవ్వడానికి కంపెనీలు వెనకాడతాయి, ఇచ్చినా ప్రీమియం బరువే. వేట లేని రెండు నెలలు ఇల్లు గడవడమే కష్టం. రాష్ట్ర ప్రభుత్వం 2025లో వేట విరామ భృతిని రూ.10 వేల నుంచి రూ.20 వేలకు పెంచింది, అది ఇంటి ఖర్చులకే చాలదు. కేంద్ర మత్స్య సంపద యోజన కింద ప్రమాదంలో చనిపోయిన మత్స్యకారుడి కుటుంబానికి రూ.5 లక్షల బీమా ఉంది, దాని ప్రీమియం మొత్తం ప్రభుత్వాలే కడుతున్నాయి. మనిషికి ఉన్న ఈ ఏర్పాటు, ఆ మనిషికి తిండిపెట్టే బోటుకు ఆ స్థాయిలో లేదు.

వాణిజ్య నౌకల బీమాలో మాత్రం ఓ పద్ధతి ఎప్పటినుంచో ఉంది. నౌక వరుసగా 30 రోజులు పోర్టులో ఖాళీగా ఉంటే, పాలసీ నడుస్తుండగానే ప్రీమియంలో కొంత వెనక్కి ఇచ్చే క్లాజు అది. 61 రోజుల నిషేధం తేదీలతో సహా ముందే తెలిసిన మరబోట్లకు ఇదే లెక్క వర్తింపజేస్తే, జూన్ దాకా పాలసీ వాయిదా వేసుకోవాల్సిన అవసరమే రాదు. ఈలోపు గడువు దాటిన పాలసీని మళ్లీ తీసుకోవాలంటే బోటును మరోసారి తనిఖీ చేయిస్తామని కంపెనీ అనొచ్చు. ఆ సర్వే పూర్తయ్యేలోపు జూన్ 14 అర్ధరాత్రి దాటిందంటే, తొలి వేటకు బోటు బీమా లేకుండానే బయల్దేరుతుంది.