వైరల్ లోడ్ అంకెకు అర్థం చెప్పి తీరాలి

మిల్లీలీటరు రక్తంలో హెచ్‌ఐవీ ప్రతులు ఎన్ని ఉన్నాయో తేల్చేదే వైరల్ లోడ్ పరీక్ష. ఆ సంఖ్య పెరిగేకొద్దీ లైంగిక సంబంధం ద్వారా వైరస్ సోకే ముప్పూ పెరుగుతుంది. మందులతో అది పరీక్షకు కూడా చిక్కనంత తగ్గి, నిలకడగా అలాగే ఉంటే భాగస్వామికి వైరస్ సోకదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఆ ముప్పు సున్నా అని తేల్చి చెప్పింది. వెయ్యి ప్రతులు, అంతకు లోపు ఉంటే దాదాపు సున్నా అంది. హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రానికి వచ్చే ప్రతి రోగికీ ఈ మాట ఇంతే స్పష్టంగా చెప్పాలి.

దీని వెనుక రెండు దశాబ్దాల రుజువులున్నాయి. ఉగాండాలోని రకాయ్ జిల్లా దంపతులపై 2000లో వెలువడిన అధ్యయనంలో, 1,500 లోపు ప్రతులున్నవారి నుంచి ఒక్కరికీ వైరస్ సోకలేదు. చెన్నై, పుణె జంటలు కూడా పాల్గొన్న హెచ్‌పీటీఎన్ 052 పరిశోధన, చికిత్స త్వరగా మొదలుపెడితే భాగస్వామికి సోకడం 96 శాతం తగ్గుతుందని 2011లో చూపింది. యూరప్‌లో పురుష జంటలపై జరిగిన పార్ట్‌నర్-2 అధ్యయన ఫలితాలు 2019లో వచ్చాయి. కండోమ్ లేని కలయికలు 76 వేలకు పైగా నమోదైనా చికిత్సలో ఉన్న భాగస్వామి నుంచి ఎవరికీ సోకలేదు. ఆ కాలంలో 15 మందికి హెచ్‌ఐవీ వచ్చిన మాట నిజమే. జన్యు పరీక్షలో అది బయటివారి వైరస్ అని తేలింది.

ఈ భరోసాకు హద్దులున్నాయి. వైరస్ అణగడానికి ఆరు నెలల దాకా పట్టవచ్చు. మాత్రలు మానేస్తే కొద్ది వారాల్లోనే మళ్లీ పుంజుకుంటుంది. ఇతర సుఖవ్యాధులను మందులు ఆపవు, అందుకు కండోమే దిక్కు. తల్లిపాలకూ, సూదులు పంచుకోవడానికీ ఈ సున్నా వర్తించదు. ఇదంతా చెబితే జనం అజాగ్రత్తగా ఉంటారన్న వాదన మాత్రం రోగులను అవమానించడమే. రోజూ మాత్ర వేసుకోవడానికి, ఇంట్లో మనిషికి తన వల్ల హాని లేదన్న ఎరుకను మించిన కారణం ఏముంటుంది?

దేశంలో ఈ పరీక్షను 2018 ఫిబ్రవరి నుంచి ఉచితంగా చేస్తున్నారు. చికిత్స మొదలైన ఆరు నెలలకు, ఏడాదికి, తర్వాత ఏటా ఒకసారి చేయాలన్నది జాతీయ నియమం. దీనికి బదులు సీడీ4 పరీక్ష సరిపోదు; అది రోగనిరోధక శక్తినే చెబుతుంది, వైరస్ సంగతి చెప్పదు. హెచ్‌ఐవీ బాధితులు ఎక్కువగా ఉన్న ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఒక్క పరీక్ష కూడా గడువు దాటకూడదు. ఫలితం ఫైల్లో మిగిలిపోకుండా రోగి చేతికి అందాలి. వెయ్యి దాటితే మాత్రలు ఎందుకు తప్పాయో కౌన్సెలర్ ఓపికగా విని, సరిదిద్ది, మూడు నెలలకు మళ్లీ పరీక్షించాలి. అప్పటికీ తగ్గకపోతే మందులు మార్చే విషయం తేల్చాలి. వైరస్ అణిగితే, రోగి సమ్మతితో భార్యనో భర్తనో పక్కన కూర్చోబెట్టుకుని ఆ అంకె అర్థం తెలుగులో విడమరచాలి. పిల్లలు కావాలని కోరుకుంటూ, అడగడానికే భయపడుతున్న జంటలకు ఈ మాట వెంటనే చేరాలి.