హాఫ్ చాలదా?

ఆగస్టు నెలాఖరులో హైదరాబాద్ మారథాన్ జరిగే ఆదివారం తెల్లవారుజామున నగరంలోని నెక్లెస్ రోడ్డు మీది పీపుల్స్ ప్లాజాలో పెళ్లివారింటిని మించిన హడావుడి ఉంటుంది. తాత్కాలిక మరుగుదొడ్ల ముందు బారులు, గాలినిండా నొప్పుల స్ప్రే ఘాటు. బనియన్ మీద రన్నర్ నంబరున్న బిబ్‌ను నాలుగు మూలలా పిన్నీసులతో బిగించుకోవాలి. ఒక పిన్నీసు చీకట్లో ఎక్కడో జారిపోయి, దాని కోసం ముక్కూమొహం తెలియని మనిషి ముందు చెయ్యి చాచేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. తొడలు ఒరుసుకోకుండా వ్యాజలీన్ పూసుకునేవాళ్లు, రాత్రంతా కన్ను మూతపడలేదని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాళ్లు సరేసరి. ఇక్కడ పరిచయాలు ఒకే ప్రశ్నతో మొదలవుతాయి: "మీరెంత?" ఫుల్ అన్నవాడి గొంతులో దర్జా పలుకుతుంది. "హాఫేనండీ, ఈసారి ప్రాక్టీసు కుదర్లేదు" అన్నవాడు ఎవరూ అడగని సంజాయిషీ కూడా ఇచ్చుకుంటాడు.

ఆ సంజాయిషీ అనవసరం. ఉద్యోగం చేసుకుంటూ, పిల్లల్ని బడికి దింపుతూ, వారానికి మూడు నాలుగు పూటలు మాత్రమే బూట్లు కట్టుకోగలిగే మనిషికి 21 కిలోమీటర్ల పైచిలుకు హాఫ్ పరుగే అసలైన పందెం. మన నగరాల్లో ఫుల్ మారథాన్ మీద పెరిగిన మోజులో ఆరోగ్యం పాలు తక్కువ, మెడల్‌తో దిగే ఫొటో పాలు ఎక్కువ.

అసలు ఫుల్ మారథాన్ పేరిట పరుగెత్తే ఆ 42.195 కిలోమీటర్లలో పవిత్రమైనదేమీ లేదు. 1896 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో స్పిరిడన్ లూయిస్ గెలిచిన పరుగు సుమారు 40 కిలోమీటర్లు. 1908లో లండన్‌లో పందెం విండ్సర్ కోట దగ్గర మొదలై, స్టేడియంలో రాజకుటుంబం కూర్చునే చోటు ముందు ముగిసేలా గీత గీశారు. అది 26 మైళ్ల 385 గజాలు తేలింది. తరవాతి ఒలింపిక్స్ కూడా దాన్ని పట్టించుకోలేదు. 1912లో స్టాక్‌హోంలో 40.2 కిలోమీటర్లు పరుగెత్తించారు, 1920లో ఆంట్వెర్ప్‌లో 42.75. చివరికి 1921లో అంతర్జాతీయ అథ్లెటిక్స్ సమాఖ్య లండన్ కొలతనే ఖాయం చేసింది. ఒక రాజుగారి కుర్చీ ఎక్కడుందన్న దాన్ని బట్టి వచ్చిన అంకె కోసం ఈనాడు గచ్చిబౌలిలో ఇంజినీర్లు మోకాళ్లు అరగదీసుకుంటున్నారు.

ఆ 1908 పందెంలోనే, ఆ చివరి ముక్క ఎంత పని చేస్తుందో లోకం చూసింది. ఇటలీ నుంచి వచ్చిన డొరాండో పియెట్రి అందరికంటే ముందు స్టేడియంలోకి వచ్చాడు. వచ్చి, తప్పు దిక్కుకు తిరిగాడు. పడ్డాడు, లేచాడు, మళ్లీ పడ్డాడు. మిగిలిన మూడున్నర వందల మీటర్లకు దాదాపు పది నిమిషాలు పట్టింది. చూడలేక అధికారులు రెక్క పట్టుకుని గీత దాటించారు. ఆ సాయం వల్లే అతని మీద అనర్హత వేటు పడి, స్వర్ణం వెనక వచ్చిన అమెరికన్ జానీ హేస్‌కు వెళ్లింది. మర్నాడు రాణి అలెగ్జాండ్రా పియెట్రికి ఒక వెండి కప్పు ఇచ్చి ఓదార్చింది. ఇప్పటి పందేల్లో రాణులు లేరు కానీ పియెట్రిలకు కొదవ లేదు.

ఎందుకలా అవుతుందన్నది చిన్న లెక్క. మనిషి ఒక కిలోమీటరు పరుగెత్తితే తన బరువు ఎన్ని కిలోలో సుమారు అన్ని క్యాలరీలు ఖర్చవుతాయి. 65 కిలోల మనిషికి ఫుల్ అంటే 2,740 క్యాలరీల పైమాట, హాఫ్ అంటే అందులో సగం, 1,370. కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్‌గా దాచుకునే నిల్వ సుమారు 2,000 క్యాలరీలు. కాబట్టి హాఫ్ సొంత సొమ్ముతో అయిపోతుంది. ఫుల్‌లో ముప్ఫయ్యో కిలోమీటరు చుట్టుపక్కల ఖాతా ఖాళీ అవుతుంది. అప్పటిదాకా దూడలా గెంతిన కాళ్లు అక్కడ నేలకు అతుక్కుపోతాయి, బుర్ర చిన్న కూడిక కూడా చెయ్యనంటుంది. రన్నర్లు దీన్ని 'వాల్' అంటారు, గోడ. దారిలో జెల్లులు, ఖర్జూరాలు తింటూ ఆ గోడను వెనక్కి నెట్టవచ్చు. అయితే పరుగెత్తుతూ తిన్నదాన్ని కడుపు ఒప్పుకోవడానికి కూడా నెలల సాధన కావాలి. పందెం రోజు మొదటిసారి జెల్ చింపినవాడు తరవాతి మరుగుదొడ్డి ఎక్కడుందా అని వెతుక్కుంటాడు.

పైగా మన పందెం జరిగేది చదునైన బెర్లిన్‌లో కాదు, హైదరాబాద్‌లో.

ఇక్కడి దారిని గీసినవాళ్లకు రన్నర్లంటే ఏదో పాత పగ ఉందని చమత్కరించేవాళ్లున్నారు. హుస్సేన్‌సాగర్ ఒడ్డు వదిలీవదలగానే ఖైరతాబాద్ ఫ్లైఓవర్. రాజ్‌భవన్ రోడ్డులో కాస్త ఊపిరి పీల్చుకుంటే పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎదురవుతుంది. అక్కణ్నుంచి కేబీఆర్ పార్కు వరకు బంజారాహిల్స్ ఎత్తు. జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 45 దాటాక దుర్గం చెరువు మీది తీగల వంతెన. దాని మీద అందరూ ఫోన్లు తీస్తారు, ఆయాసం తీర్చుకోవడానికి అది మర్యాదైన సాకు. ఐటీ భవనాల మధ్య తిరిగి బయోడైవర్సిటీ, గచ్చిబౌలి ఫ్లైఓవర్ దాటుకుని బాలయోగి స్టేడియం చేరాలి. కారులో వెళ్లేవాడికి ఫ్లైఓవర్ అంటే సిగ్నల్ తప్పించుకునే సుఖం. రన్నర్‌కు అది ఎక్కేటప్పుడు ఊపిరి మీదా, దిగేటప్పుడు తొడ కండరాల మీదా పడే పన్ను. ఎక్కేటప్పటి నొప్పి అప్పుడే తెలుస్తుంది; దిగేటప్పటిది సోమవారం మెట్లు దిగుతుంటే తెలుస్తుంది.

దానికి తోడు ఆగస్టు గాలి. ఎండ లేదు కదా అనుకుంటారు. వానాకాలపు తేమలో చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. రెండు గంటలకు బనియన్ పిండితే నీళ్లు కారతాయి, కణతల మీద మాత్రం ఉప్పు తెల్లగా పేరుకుంటుంది. ఎయిడ్ స్టేషన్‌లో ఉప్పు జల్లిన నారింజ తొన అమృతంలా తోచేది అప్పుడే. దారిపొడవునా కాలేజీ పిల్లలు వాలంటీర్లుగా నిలబడి "అయిపోయింది అంకుల్, ఇంకొంచెమే!" అని ప్రేమగా అబద్ధమాడుతుంటారు. పన్నెండో కిలోమీటరులో ఆ మాట నవ్వు పుట్టిస్తుంది. ముప్ఫయ్యారో కిలోమీటరులో అదే మాటకు కన్నీళ్లు వస్తాయి.

ముంబయి మారథాన్‌కు వెళ్లొచ్చిన మనవాళ్లు జనవరి చలిగాలి గురించి, సముద్రం గురించి ఊరిస్తారు. నిజమే, 2004 నుంచి నడుస్తున్న ఆ పందేనికి ఉన్న జనం మన దేశంలో మరెక్కడా కనపడరు. రోడ్డు పక్క అపార్టుమెంట్ల వాళ్లు పొద్దున్నే లేచి బిస్కెట్లు, అరటిపళ్లు పట్టుకుని నిలబడతారు. హైదరాబాద్ ఆదివారం పూట అంత పొద్దున్న లేవదు. అయితే అక్కడా హాజీ అలీ దాటాక, ఇక పని అయిపోయినట్టే అనుకునే వేళకు, పెడ్డర్ రోడ్డు ఎత్తు కాచుకుని ఉంటుంది. అప్పటికే వాల్ తగిలినవాళ్లు ఆ ఎత్తును నడిచే ఎక్కుతారు. విశాఖలో నౌకాదళం నడిపే మారథాన్ ఆర్కే బీచ్ వెంబడి సాగుతుంది. గాలి సంగతి ఎలా ఉన్నా, కళ్లకు మాత్రం మన రెండు రాష్ట్రాల్లో అంతకు మించిన దారి లేదు.

ఇక మోకాళ్ల కంటే పెద్ద సంగతి, గుండె. అమెరికాలో 2000 నుంచి 2010 దాకా మారథాన్లు, హాఫ్ మారథాన్లు పరుగెత్తిన దాదాపు 1 కోటి 9 లక్షల మంది లెక్కలు తీసి, 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వైద్యులు ఒక అధ్యయనం ప్రచురించారు. మొత్తం 59 మందికి పరుగులోనో, ముగిసిన వెంటనేనో గుండె ఆగింది. వాళ్లలో 42 మంది చనిపోయారు. కోటి మందిలో ఇది చాలా తక్కువ, పరుగు అంటేనే భయపడాల్సిన పని లేదు. కానీ ఆ లెక్కను దూరాన్ని బట్టి విడదీస్తే, ఫుల్‌లో లక్షకు 1.01 మంది, హాఫ్‌లో 0.27 మంది. దూరం రెండింతలైతే ముప్పు దాదాపు నాలుగింతలైంది. బాధితుల్లో అత్యధికులు మగవాళ్లు. నలభై దాటాక బీపీ, షుగర్ ఒకసారైనా చూపించుకోకుండా ఫుల్‌కు డబ్బు కట్టే మగమహారాజులు ఈ వాక్యాన్ని రెండోసారి చదువుకోవాలి.

నీళ్ల సంగతి ఇంకా విచిత్రం. దాహం వెయ్యకముందే తాగాలని అందరూ చెబుతారు కాబట్టి, కొత్తవాళ్లు ప్రతి ఎయిడ్ స్టేషన్‌లోనూ గ్లాసుమీద గ్లాసు తాగుతారు. 2002 బోస్టన్ మారథాన్ గీత దగ్గర 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం ఉండాల్సిన దానికంటే తక్కువ తేలింది. అంటే వాళ్లు ఎండిపోలేదు, నీళ్లు ఎక్కువయ్యాయి. కొందరైతే మొదలైనప్పటి కంటే బరువు పెరిగి మరీ వచ్చారు! నాలుగు గంటలు దాటి పరుగెత్తినవాళ్లలోనే ఈ ప్రమాదం ఎక్కువని కూడా ఆ అధ్యయనం చెప్పింది. మన దగ్గర ఫుల్ పూర్తిచేసే మామూలు ఉద్యోగులకు ఐదారు గంటలు పట్టడం సర్వసాధారణం. గెలిచేవాడు రెండుంబావు గంటల్లో ఇంటికి పోతాడు. మందులూ మాకులూ అవసరమయ్యేది వెనక వచ్చేవాళ్లకే.

ఇక్కడ ఎవరో ఒకరు ఫౌజా సింగ్ పేరెత్తుతారు. పంజాబ్‌లో పుట్టి లండన్‌లో స్థిరపడ్డ ఆ పెద్దాయన 89 ఏళ్ల వయసులో తొలి మారథాన్ పరుగెత్తాడు. 2011లో టొరంటోలో నూరేళ్ల మనిషిగా ఫుల్ పూర్తిచేశాడు. జనన ధ్రువపత్రం లేదని గిన్నిస్‌వాళ్లు ఒప్పుకోకపోయినా లోకం ఒప్పుకుంది. 114 ఏళ్ల వయసులో, 2025 జులైలో, సొంత ఊళ్లో రోడ్డు దాటుతుంటే వాహనం ఢీకొని పోయాడు. ఆయన్ని తలచుకునేవాళ్లు ఒక సంగతి మరచిపోతారు. 2013లో హాంకాంగ్‌లో ఆయన పరుగెత్తిన ఆఖరి పందెం 10 కిలోమీటర్లదే. తన ఒంటికి ఎంత సరిపోతుందో చూసుకుని దూరం తగ్గించుకోవడం ఆయనకు నామోషీ అనిపించలేదు.

ఫుల్‌కు అసలు అర్హులే లేరని కాదు. 2017లో ఒకావిడ చేనేత చీర కట్టుకుని హైదరాబాద్ ఫుల్ మారథాన్‌ను ఐదు గంటల్లోపే పూర్తిచేసింది. దారిలోని ఫ్లైఓవర్లు ఎక్కి దిగిందీ చీర కుచ్చిళ్లతోనే. అలాంటివాళ్ల వెనక ఏళ్ల తరబడి సాధన ఉంటుంది. ఆ సాధన సంగతే ఎవరూ చెప్పరు. ఫుల్‌కు సిద్ధం కావాలంటే నాలుగైదు నెలలపాటు ప్రతి ఆదివారం లాంగ్ రన్. అది 28, 30 కిలోమీటర్లకు చేరేసరికి ఆదివారం మొత్తం దానికే పోతుంది. పొద్దున పరుగు, మధ్యాహ్నం మొద్దునిద్ర, సాయంత్రం ఐసు మూటలు. ఇంట్లోవాళ్లు మొదటి నెల మెచ్చుకుంటారు, రెండో నెల సర్దుకుంటారు, మూడో నెల మాట్లాడటం మానేస్తారు. హాఫ్‌కైతే 16, 18 కిలోమీటర్ల లాంగ్ రన్ చాలు. ఎనిమిదిన్నరకల్లా ఇంటికొచ్చి ఇడ్లీ తిని, మనిషిలా ఉండొచ్చు. పందెం అయిన వారానికే మళ్లీ పరుగెత్తొచ్చు కూడా. ఫుల్ తరవాత ఒళ్లు మామూలు కావడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది.

ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్ ఈ సంగతి చాలాకాలం కిందటే గ్రహించింది. 1981లో అక్కడ మొదలైన గ్రేట్ నార్త్ రన్ హాఫ్ మారథాన్. 2014లో దాని పది లక్షలవ రన్నర్ గీత దాటారు. అక్కడివాళ్లెవరూ "హాఫే" అని తలొంచుకోరు. 1992లో తొలి ప్రపంచ హాఫ్ మారథాన్ చాంపియన్‌షిప్ జరిగింది కూడా ఆ ఊళ్లోనే. మన దేశంలో ఢిల్లీ ఆ దారి పట్టింది. 2005 నుంచి అక్కడి పెద్ద పందెం హాఫే. దానికొచ్చిన చిక్కు దూరంతో కాదు, గాలితో. 2017 నవంబరులో పొగమంచు, కాలుష్యం కమ్మేసిన ఢిల్లీలో పందెం వద్దని వైద్యుల సంఘం కోర్టు దాకా వెళ్లింది. పందెం ఆగలేదు, కొందరు ముఖాలకు మాస్కులు తగిలించుకుని మరీ పరుగెత్తారు. మరుసటి ఏడాది నిర్వాహకులు దాన్ని అక్టోబరుకు జరిపారు. వైద్యుల మాట ఏడాది ఆలస్యంగానైనా విన్నారు.

మన నిర్వాహకులకూ ఒక విన్నపం. దక్షిణాఫ్రికాలో దాదాపు 90 కిలోమీటర్ల కామ్రేడ్స్ పరుగుకు రావాలంటే ముందు ఒక ఫుల్ మారథాన్ నిర్ణీత సమయంలో పూర్తిచేసినట్టు చూపించాలి. బోస్టన్‌కు వయసును బట్టి అర్హత సమయాలున్నాయి. మన దగ్గర జరిగే ప్రతి ఫుల్‌కూ, గడచిన రెండేళ్లలో ఒక హాఫ్ పూర్తిచేసిన టైమింగ్ సర్టిఫికెట్ తప్పనిసరి చెయ్యాలి. బిబ్ వెనక చిప్, దారిలో టైమింగ్ మ్యాట్లు ఉన్న కాలంలో దీన్ని సరిచూడటం నిమిషం పని. నాలుగు టికెట్లు తక్కువ అమ్ముడవుతాయేమో, అంబులెన్సుకూ పని తగ్గుతుంది.

రన్నర్లకు చెప్పేది ఇంతే. మొదటిసారి బిబ్ కట్టుకునేవాళ్లు 10కె తీసుకోండి, ఏడాది తిరిగాక హాఫ్ తీసుకోండి, రెండు మూడు హాఫ్‌లు నడవకుండా పూర్తయ్యాకే ఫుల్ సంగతి ఆలోచించండి. ఈ ఏడాది తొందరపడి ఇప్పటికే ఫుల్‌కు డబ్బు కట్టేసినవాళ్లు నమోదు నియమాలు ఒకసారి చదవండి. దూరం మార్చుకునే వీలు, దానికో గడువు ఉంటే ఆ గడువు దాటకముందే 21కి మార్చుకోండి.