జవాబు ఒక్కటే చాలదు, లెక్క కూడా చూపాలి

లెక్కల పరీక్షలో జవాబు ఒక్కటే రాస్తే మాస్టారు పూర్తి మార్కులు వేయరు. "లెక్క ఎలా చేశావు?" అని అడుగుతారు. నేర పరిశోధనలో వాడే సాఫ్ట్‌వేర్‌ను కూడా మనం అదే ప్రశ్న అడగాలి.

వేలిముద్రలతో మనుషుల్ని గుర్తించడం మనకు కొత్త కాదు. 1897లోనే కలకత్తాలో వేలిముద్రల విభాగం ఏర్పడింది. తరువాతి కాలంలో హైదరాబాద్ సీసీఎంబీలో డాక్టర్ లాల్జీ సింగ్ డీఎన్ఏ పరీక్షను నేర పరిశోధనకు అందించారు. ఇప్పుడు పోలికలు వెతికే పనిలో చాలా భాగం కంప్యూటర్లదే. తెలంగాణ పోలీసులు 2018లో ముఖాలను గుర్తించే సాఫ్ట్‌వేర్‌ను తమ యాప్‌లో చేర్చారు. 2021లో హైదరాబాద్‌లో పోలీసులు మాస్కు తీయమని ఫోటో తీశారంటూ ఎస్.క్యూ. మసూద్ అనే సామాజిక కార్యకర్త హైకోర్టుకు వెళ్లారు.

సాఫ్ట్‌వేర్ వల్ల మేలు లేదని మనం అనడం లేదు. లక్షల ముద్రల్లో వెతకడం మనిషి వల్ల అయ్యే పని కాదు. కానీ 2004లో ఏం జరిగిందో చూడండి. స్పెయిన్‌లోని మాడ్రిడ్ రైళ్లలో బాంబులు పేలాయి. దొరికిన ఒక వేలిముద్రకు దగ్గరగా ఉన్నవంటూ అమెరికాలో కంప్యూటర్ 20 ముద్రలు చూపింది. వాటిలో ఒకటి బ్రాండన్ మేఫీల్డ్ అనే న్యాయవాదిది. ఎఫ్‌బీఐ నిపుణులు అది అతనిదేనన్నారు. రెండు వారాలు నిర్బంధించారు. స్పెయిన్ పోలీసులు విడిగా పరిశీలించి, ఆ ముద్ర వేరొకరిదని తేల్చారు. ఎఫ్‌బీఐ క్షమాపణ చెప్పింది. కంప్యూటర్ చూపింది పోలికలు మాత్రమే. వాటిని తీర్పుగా మార్చింది మనుషులు. రెండో కన్ను పడబట్టి ఆయన బయటపడ్డారు.

ఆ రెండో కన్నుకు అవకాశం ఇవ్వడమే పారదర్శకత. ప్రోగ్రామ్ తమ వ్యాపార రహస్యమని కంపెనీలు అంటాయి. వ్యాపారం ముఖ్యమే, కానీ ఒక మనిషి స్వేచ్ఛ అంతకంటే ముఖ్యం. 2021లో అమెరికాలోని న్యూజెర్సీ అప్పీళ్ల కోర్టు, ఒక డీఎన్ఏ సాఫ్ట్‌వేర్ కోడ్‌ను నిందితుడి తరఫు నిపుణులకు చూపాలని ఆదేశించింది. రహస్యం బయటికి పొక్కకుండా షరతులు పెట్టుకోవచ్చు. అసలు చూపించకపోవడం మాత్రం సరికాదు.

ఇది మనకు మరీ దగ్గరి విషయం. సొంత ఊళ్లో అయితే "ఫలానా వారి అబ్బాయి, మాకు తెలుసు" అనడానికి పదిమంది ఉంటారు. బదిలీల మీద భన్‌పురి వచ్చిన మనకు ఆ పదిమంది ఉండరు. కొత్త ఊళ్లో మన తరఫున మాట్లాడేవి కాగితాలు, ఫోటోలు, వేలిముద్రలే. వాటిని చదివే యంత్రం పొరబడితే, ఎక్కడ పొరబడిందో చూపించమని అడిగే హక్కు మనకు ఉండాలి.

పిల్లలూ, మీలో కొందరు రేపు ఇలాంటి ప్రోగ్రామ్‌లు రాస్తారు. ఇంకొకరు సరిచూడగలిగేలా రాయండి. నమ్మమని అడిగే ముందు లెక్క చూపించండి.